పడవ చెక్క నుంచి దిగిన నూనె

మైక్రోవేవ్ ఓవెన్ కొనుక్కున్నవాళ్లు అందులో నిన్నటి పప్పు వేడి చేసుకుంటారు. నేను నాలుగేళ్లపాటు అందులో కర్ర కాల్చాను. ఏం చదివావమ్మా అని ఎవరైనా అడిగితే ఈ ముక్క చెప్పి ఊరుకుంటాను. అంతకంటే వివరంగా మొదలుపెడితే మూడో మాటకల్లా వాళ్ల చూపు ఫోన్ మీదికి పోతుంది. ఇవాళ మాత్రం వివరంగానే చెప్తాను. విసుగొస్తే వచ్చింది, నేను చేసిన వెధవ పని ఏమిటో తెలియాలంటే ఆ వివరం వినక తప్పదు.

రంపపు పొట్టు లాంటి కర్ర పొడిని గాజు కుప్పెలో పోసి, లోపల గాలి లేకుండా నైట్రోజన్ పంపి, మైక్రోవేవ్‌లో పెట్టి కాలిస్తే మంట రాదు, పొగ వస్తుంది. ఆ పొగని ఐసు మధ్యలోంచి పోయే గొట్టంలోకి పంపితే చల్లబడి నల్లటి నూనెగా దిగుతుంది. దాన్ని బయో ఆయిల్ అంటారు. ఉత్త కర్రకి మైక్రోవేవ్ వేడి సరిగ్గా ఎక్కదు కాబట్టి కాస్త బొగ్గుపొడి కలుపుతాం. అప్పటికీ వచ్చేది పలచటి పుల్లటి సరుకు, దేనికీ కొరగాదు. దాన్ని దారిలో పెట్టడానికి ఇంకో పొడి కలపాలి. దాన్ని కెటలిస్ట్ అంటారు. పాలలో తోడు వేసినట్టు, కొంచెమే వేస్తాం కానీ అసలు పని అదే చేయాలి.

ఆ తోడు కింద ఉక్కు తయారీలో మిగిలిపోయే స్లాగు వాడాలన్నది మా గైడు ఆలోచన. విశాఖపట్నంలో కూర్చుని స్లాగు కోసం వెతుక్కోనక్కర్లేదు కదా. స్లాగు కలిపితే నూనెలో ఫినాల్స్ పెరగాలి. ఫినాల్స్ అంటే ప్లైవుడ్ అతికించే జిగురుకి పనికొచ్చే పదార్థాలు. పెరిగితే నాకు పీహెచ్‌డీ. పెరగకపోతే రిజిస్ట్రేషన్ గడువు అయిపోయి ఉత్త చేతులతో ఇంటికి. నా నాలుగేళ్ల బతుకు ఆ ఒక్క ముక్క మీద వేలాడింది.

మాది జాలరిపేట. మా నాన్న వేటకి పోతాడు. పేటలో అప్పటిదాకా ఆడపిల్ల ఎవరూ ఇంత చదువు చదవలేదు. డిగ్రీ చేతికి రాకముందే నన్ను డాక్టరమ్మ అనేవాళ్లు. కొందరైతే ఇంటికొచ్చి జ్వరానికి మాత్ర పేరు రాసివ్వమనేవాళ్లు. నాది ఆ డాక్టరు కాదు మావా, నాది కర్ర కాల్చే డాక్టరు అంటే, అదేం డాక్టరే అని నవ్వేవాళ్లు. నవ్వినా వాళ్లకి నేనంటే గొప్ప. ఆ గొప్ప నా మెడకి రాయిలా ఉండేది.

మా ల్యాబ్‌లో ఐసు మిషను ఎప్పుడూ రిపేరే. అందుకని పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి మా అమ్మ చేపల పెట్టెలో చితక్కొట్టిన ఐసు వేసుకుని ఆటోలో తెచ్చేదాన్ని. గైడు ముక్కు మూసుకుని, ల్యాబ్‌లో చేపల బజారు పెట్టావేంటమ్మా అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఉక్రోషం అంటారు. కొన్నాళ్లకి నవ్వడం మానేసి మొహం ముడుచుకోవడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి నా దగ్గర వాసన అనే మాట ఎవరూ ఎత్తలేదు.

మూడో ఏడు మా ల్యాబ్‌కి ఇంకో అమ్మాయి వచ్చింది. పద్మనాభం వైపు పల్లె. వరి పండించుకునే ఇల్లు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది, రెండు బస్సులు మారి పోయేది. నన్ను అక్కా అని పిలిచేది, మేమంతా చిన్నమ్మాయి అనేవాళ్లం. తూకం వేస్తే మూడుసార్లు వేసేది. నోట్‌బుక్‌లో పక్కన గీత గీసి, అనుమానాలు అక్కడ పెన్సిల్‌తో రాసుకునేది. ఆ పిల్లకి ఉన్న ఓపికలో సగం నాకుంటే ఈ కథ వేరేలా ఉండేది. నాకు కోపం ఎక్కువ, తొందర ఎక్కువ.

టింబర్ డిపో నుంచి తెచ్చిన సరుగుడు పొడితో నేను అప్పటికి బోలెడు పరీక్షలు చేశాను. స్లాగు వేయకుండా చేశాను, వేసి చేశాను. రెంటికీ పెద్ద తేడా లేదు. గైడు మొహం రోజురోజుకీ ఇంతింత పొడుగయ్యేది. ఆ వానల్లో డిపో పొడి తడిసి బూజు పట్టింది. గడువు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడే మా నాన్న, ఫైబర్ బోటు వచ్చాక ఒడ్డు మీద ఊరికే పడి ఉన్న మా పాత కర్ర పడవని పొయ్యిలోకని విడగొట్టాడు. కర్ర కర్రే కదా అనుకున్నాను. ఎండిన చెక్క ఒకటి అడిగి, వడ్రంగి దగ్గర పొడి కొట్టించి, జల్లెడ పట్టి ల్యాబ్‌కి పట్టుకుపోయాను.

స్లాగుతో కలిపి కాల్చిన మొదటి రోజే గొట్టంలోంచి చిక్కటి నూనె దిగింది. పుల్లటి కంపు లేదు. ఏ పదార్థం ఎంతుందో గీసి చూపే మిషనులో పెట్టి చూస్తే కాగితం మీద ఫినాల్స్ గీతలు కొండల్లా లేచాయి. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. గైడు ఆ కాగితాన్ని దేవుడి పటంలా రెండు చేతులతో పట్టుకున్నాడు. స్లాగు పని చేసిందమ్మా అన్నాడు. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అందులో దొంగతనం ఏమీ లేదు అప్పటికి.

తప్పు అక్కడే ఉంది. పడవ చెక్కని స్లాగు లేకుండా కాల్చి చూడలేదు. పాత సరుగుడు లెక్కలనే పక్కన పెట్టి, ఇదిగో స్లాగు లేనప్పుడు ఇంత, ఉన్నప్పుడు ఇంత అని రాసేశాను. బీఎస్సీ పిల్లలు చేస్తే చెవి మెలిపెట్టాల్సిన తప్పు. గైడూ అడగలేదు. గెలిచిన పందెంలో కోడి ఏ ఊరిదని ఎవరడుగుతారు? కాగితంలో స్థానికంగా దొరికే వ్యర్థ కలప అని ఒక మాట పడేశాం, అంతే.

తర్వాతి మెట్టు ఎక్కువ మోతాదులో చేయడం. గైడు ఆ పని చిన్నమ్మాయికి అప్పగించాడు. కర్ర ఎక్కడిది అక్కా అని ఆ పిల్ల నన్ను అడిగింది. నా పొడి అప్పటికే అయిపోయింది, మిగతా పడవ మా పొయ్యిలో బూడిదైంది. డిపోలో ఏది దొరికితే అది తెచ్చుకో, అన్నీ ఒకటే అన్నాను. పాపం, తెచ్చుకుంది. ఆరబెట్టింది, జల్లించింది, నేను రాసినట్టే అక్షరం పొల్లు పోకుండా చేసింది. పలచటి పుల్లటి నూనె. మళ్లీ చేసింది, అదే. స్లాగు మార్చింది, వేడి మార్చింది, మధ్యాహ్నం అన్నం మానేసి చేసింది. అదే.

మా గైడుకి హస్తవాసి మీద నమ్మకం. కెమిస్ట్రీలో హస్తవాసి ఏమిటని మీరు నవ్వచ్చు, మా దగ్గర అది మామూలు. కొత్త కుప్పె వస్తే మొదటి రన్ నా చేత చేయించేవాడు. ఆ పిల్ల ముట్టుకుంటే పాడవుతుందని నలుగురిలో అనేవాడు. ఆ పిల్ల కుప్పెలు కడగడానికి వస్తే మిగతావాళ్లు చిన్నగా నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పద్దూ, ఆ రోజుల్లో నాకు లోపల ఎక్కడో బాగుండేది. చేపల పెట్టె మోసిన చెయ్యి మంచి చెయ్యి అయింది కదా అని.

ఏడాది తిరిగి వేట నిషేధం రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో బోట్లు సముద్రంలోకి దిగవు. ఒడ్డున మరమ్మతులు, వలల కుట్లు. ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి ఇసకలో నడుస్తుంటే నా ముక్కుకి ల్యాబ్ వాసన తగిలింది. భుజానున్న సంచిలో నూనె శాంపిల్ సీసా ఉంది. పగిలిందేమోనని అక్కడే కూలబడి సంచి అంతా తిరగేశాను. సీసా బాగానే ఉంది. వాసన గాలివాటుగా వస్తోంది. తలెత్తి చూస్తే మా నాన్న, చేతికి గుడ్డ చుట్టుకుని, పక్కింటివాళ్ల కర్ర పడవకి నూనె పూస్తున్నాడు.

జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నల్లటి నూనె అది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పురుగు పట్టకుండా, ఉప్పునీరు లోపలికి దిగకుండా మా వాళ్లు కర్ర పడవలకి పూసేది అదే. ఆ నూనె నిండా ఉండేది ఫినాల్ జాతి సరుకేనని కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. నాకూ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పుట్టినప్పటి నుంచి మా నాన్న చొక్కాకీ, మా ఇంటి తలుపుకీ, మా అమ్మ కొంగుకీ ఉన్న వాసన అది. ల్యాబ్‌లో కుప్పె మూత తీసినప్పుడల్లా అది గుప్పుమన్నా నాకు అదో కొత్త వాసన అనిపించలేదు. చేపకి నీటి వాసన తెలుస్తుందా? మా గైడులా ముక్కు మూసుకునే ఏ అమ్మాయి అయినా ఆ పొడి ముట్టుకుని ఉంటే మొదటి రోజే ఇదేం కంపు అనేది. నాకే, ఆ పేటలో పుట్టినదానికే ఆ తప్పు రాసిపెట్టి ఉంది.

మన బోటుకి ఎన్నిసార్లు పూశావు నాన్నా అని అడిగాను.

"ఏడాదికి రెండు పూతలు. నువ్వు పుట్టకముందు కాడ్నించి," అన్నాడు మా నాన్న తల తిప్పకుండానే. "కర్రెప్పుడో పోయింది గుంటా. నూనే మిగిలింది."

తెల్లారాక బస్సెక్కి, నిజం చెప్పేద్దామనే వెళ్లాను. ఈ మాట మీరు నమ్మినా నమ్మకపోయినా సరే. గైడు గది తలుపు తీసి ఉంది. లోపల చిన్నమ్మాయి నిలబడి ఉంది. గైడు చేతిలో ఒక కాగితం, మా పేపరు అచ్చుకి తీసుకున్నారని. ముందు నాకేసి చూసి నవ్వి, ఇక థీసిస్ కట్టెయ్యమ్మా అన్నాడు. తర్వాత ఆ పిల్లకేసి తిరిగి, నీ దగ్గరే ఎందుకు రావడం లేదు అని మొదలుపెట్టాడు.

"కర్రలో ఏదైనా తేడా ఉందేమో సార్," అంది ఆ పిల్ల నెమ్మదిగా.

"ఆడలేక మద్దెల ఓడందిట," అన్నాడు గైడు. అని, నాకేసి తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఆ కర్రలో ఏమైనా ప్రత్యేకం ఉందా?"

అంత సూటిగా దేవుడు కూడా ఎవరినీ అడగడు. ఆ పిల్ల నా మొహంకేసి చూస్తోంది, అక్క చెప్తుందని.

"లేదు సార్," అన్నాను.

అంతే. అక్షరాలు లెక్కపెడితే నాలుగు. ఆ పిల్ల తల దించుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా నా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. తర్వాత చెప్దాం, థీసిస్ ఇచ్చేశాక చెప్దాం, వైవా అయ్యాక చెప్దాం అనుకున్నాను. ఒక్కో వాయిదాకి ఒక్కో కారణం చక్కగా దొరికేది. మా అమ్మ మొహం ఒక కారణం, పేట ఒక కారణం, చేపల బజారని నవ్విన ఆ నవ్వులు ఒక కారణం. ఇన్ని కారణాలు ఉన్నదాన్ని నన్ను నేను ఎలా తప్పు పట్టుకుంటాను?

దసరా సెలవులకి వెళ్లిన చిన్నమ్మాయి తిరిగి రాలేదు. ఒకరోజు మాత్రం వచ్చి, తన కుప్పెలన్నీ కడిగి బోర్లించి, నోట్‌బుక్ గైడు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా దగ్గరకొచ్చింది. నేను భుజం మీద చెయ్యి వేసి, అందరికీ ల్యాబ్ పని పడదులే, బాధపడకు అన్నాను. ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. ఇప్పుడు రాస్తుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తోంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, థాంక్సక్కా అంది.

నా వైవా రోజున మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన స్లాగు గురించి గంటసేపు అడిగాడు. కర్ర గురించి ఒక్క ప్రశ్న లేదు. అయ్యాక టీ దగ్గర మా నాన్న ఆయన పక్కకి వెళ్లి, అదంతా మా బోటు సెక్కేనండి, నాను ముప్పయ్యేళ్లు జీడి నూనె రాసి కాపాడిన బోటండి అని చెప్పాడు. నిజం మొత్తం, ఒక్క ముక్క తగ్గకుండా, అందరి ముందూ బల్ల మీద పడింది. ఆ పెద్దాయన మా నాన్న భుజం తట్టి, చాలా సంతోషం అని సమోసా అందుకున్నాడు. గైడు నవ్వుతూ తల ఊపాడు. లుంగీ మానుకుని ప్యాంటు తొడుక్కొచ్చిన జాలరి మాటని ఎవరు వింటారు? నేను బతికిపోయాను. నన్ను కాపాడింది వాళ్ల చిన్నచూపే, దేన్ని చూసి నేను జన్మంతా రగిలిపోయానో అదే.

ఇప్పుడు సబ్బవరం దాటాక ఉన్న ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. పిల్లలకి మొదటి క్లాసులోనే చెప్తాను, పోల్చేటప్పుడు ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి అని. బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు.

కిందటి నెల ఒక పెళ్లికని తగరపువలస వెళ్లాను. తిరుగు బస్సు కోసం నిలబడితే వెనకనుంచి అక్కా అని పిలుపు. ఆరేళ్లయింది, అయినా గొంతు పట్టేశాను. చిన్నమ్మాయే. కాస్త ఒళ్లు చేసింది. ఊళ్లోనే చిన్న స్కూల్లో సోషల్ చెప్తోందట. సైన్స్ ఇస్తామన్నారు కానీ తనే వద్దందట. నన్ను చూసి ఎంత సంబరపడిందో. ఆ రోజుల్లో నువ్వొక్కదానివే నన్ను ఒక్క మాట అన్లేదక్కా అంది. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

చెల్లెలి సంగతి చెప్పింది. డిగ్రీలో చేరబోతోందట, కెమిస్ట్రీ తీసుకుంటానని గొడవట.

"వద్దని సెప్పేసానక్కా," అంది. "మా ఇంట్లో ఎవులికీ సెయ్యి తిరగదు ఆ పనికి. నాను పడింది సాలదా?"

ఇంక ఆపుకోలేకపోయాను. బస్టాండులో, బఠాణీల బండి పక్కన, మొత్తం చెప్పేశాను. పడవ, నూనె, గైడు అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు. నీ చెయ్యి మంచిదేనమ్మా, నీ లెక్కే సరైన లెక్క, నాదే తప్పుడు లెక్క అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. చెంప మీద కొట్టినా నిలబడేదాన్ని.

ఆ పిల్ల రోడ్డుకేసి తిరిగింది. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. అది తను ఎక్కాల్సిన బస్సేనని బోర్డు చూస్తే తెలిసింది.

"నీ పొడి డబ్బా తీసినప్పుడు ఏదో వాసన వచ్చేదక్కా," అంది చివరికి. "మీ ఇంటి వాసనేమో అనుకున్నాను. అడిగితే నువ్వు సిన్నబుచ్చుకుంటావని అడగలేదు."

నేను మొహం ముడుచుకున్న రోజులు గుర్తొచ్చాయి. నా మనసు నొప్పించకూడదని ఆ పిల్ల నోరు మూసుకుంది. నా డిగ్రీ పోకూడదని నేను మూసుకున్నాను. రెంటికీ పోలికేమిటి?

క్షమించమని అడగబోయాను. ఆ పిల్ల వినడం లేదు. నుదురు చిట్లించి దేన్నో లెక్కేస్తోంది. నోట్‌బుక్ పక్కన పెన్సిల్‌తో రాసుకునేటప్పుడు పెట్టే మొహం అది.

"అయితే అక్కా," అంది, "కర్రెందుకు మరి? ఆ జీడిపిక్కల తొక్కలే కాల్చి సూసేవా? పలాసలో బస్తాలకి బస్తాలు పారబోత్తారు కదా. తొక్కల్లో అంత సరుకుంటే, స్లాగుతో ఏటవుద్దో సూస్తే, అదే కదా అసలు థీసిస్సు."

లేదన్నాను.

"నాకు సెప్పుంటే నాను సేసేదాన్ని," అంది. కోపంగా అనలేదు. తర్వాతి బస్సు వచ్చింది, వెళ్లొస్తానక్కా అని ఎక్కేసింది.

డాక్టరేట్ నాది. ఆ నూనెలో పుట్టి పెరిగింది నేను. ఆరేళ్లుగా నా తప్పుని తిరగేసి మరగేసి ఏడ్చానే కానీ, ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తోచలేదు.